వీఎంకి ఒక బూట్‌లో నెట్ వస్తుంది, ఇంకో బూట్‌లో రాదు. బ్రిడ్జ్‌లో తప్పెక్కడుంది?

చిన్నసర్వర్ (రాత్రి 11:48)
అందరికీ నమస్తే. మూడు రాత్రులుగా దీంతోనే కుస్తీ పడుతున్నా, ఇక ఓపిక లేక ఇక్కడికి వచ్చా.

ఒక మినీ పీసీ, 16 జీబీ ర్యామ్, ఒక్కటే నెట్‌వర్క్ పోర్టు. ఉబుంటు సర్వర్ 22.04 మీద వీఎంలు నడపడానికి కేవీఎం, లిబ్‌వర్ట్. రెండు వీఎంలు (వర్చువల్ మెషీన్లు, అంటే హోస్ట్ పీసీ లోపల నడిచే సాఫ్ట్‌వేర్ పీసీలు) ఉన్నాయి: ఒకటి బ్యాకప్‌కి, ఇంకోటి డీఎన్ఎస్‌కి. బీఆర్0 అని బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్ లాంటిది) చేసి రెండింటినీ దానికి తగిలించా. నెలన్నర బాగానే నడిచింది.

మొన్న కరెంటు పోయి వచ్చాక వీఎంలకి నెట్ లేదు. డీహెచ్‌సీపీ అడ్రస్ (రూటర్ దానంతటదే ఇచ్చే ఐపీ) రావట్లేదు. సరే అని వీఎం లోపల 192.168.1.50 చేత్తో పెట్టా, అయినా రూటర్‌కి (192.168.1.1) పింగ్ పోదు. తమాషా ఏంటంటే హోస్ట్ నుంచి వీఎంకి పింగ్ పోతోంది. హోస్ట్‌కి నెట్ కూడా సుబ్బరంగా ఉంది. విసుగొచ్చి రీబూట్ కొట్టా, అంతా పనిచేసింది! హమ్మయ్య అనుకుని పడుకున్నా. నిన్న అప్‌డేట్ కోసం మళ్లీ రీబూట్ చేశా, మళ్లీ పోయింది. మధ్యలో నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఉబుంటు ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంది. ఇంకేం లేదు, మామూలు సర్వర్.

నీలిదీపం
వైఫైనా, వైరా? వైఫై అయితే ఇక్కడితో ఆపేయండి. యాక్సెస్ పాయింట్ తనతో కనెక్ట్ అయిన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ప్యాకెట్లే తీసుకుంటుంది, వీఎం మ్యాక్‌తో వచ్చేవాటిని పారేస్తుంది. వైఫై మీద మామూలు బ్రిడ్జ్ నడవదు.

చిన్నసర్వర్
వైరే. కేబుల్ కూడా మార్చి చూశా.

పాతకీబోర్డు
కేబుల్ తప్పయితే హోస్ట్‌కి కూడా నెట్ ఉండదు కదండీ. దాన్ని వదిలేయండి.

మూడు ఔట్‌పుట్‌లు పెట్టండి. ఐపీ అడ్రస్ షో, ఐపీ రూట్, బ్రిడ్జ్ లింక్. వాటితోపాటు నెట్‌ప్లాన్ (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులు చూసేది) ఫోల్డర్లో ఎన్ని ఫైళ్లున్నాయో చెప్పండి. "నా ఫైలు" కాదు, "ఎన్ని ఫైళ్లు". ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో తర్వాత చెప్తా.

చిన్నసర్వర్
అబ్బ, మీరు అడిగాక చూశా. రెండున్నాయి. నేను రాసింది 01-బ్రిడ్జ్. ఇన్‌స్టాలర్ రాసింది 00-ఇన్‌స్టాలర్-కాన్ఫిగ్, అది అలాగే పడుంది. అందులో ఈఎన్‌పీ3ఎస్0 (నా నెట్‌వర్క్ పోర్టు) కి డీహెచ్‌సీపీ ట్రూ అని ఉంది.

ఐపీ అడ్రస్ షోలో ఈఎన్‌పీ3ఎస్0 మీద 192.168.1.23, బీఆర్0 మీద 192.168.1.10 కనిపిస్తున్నాయి. ఐపీ రూట్‌లో డిఫాల్ట్ రూట్లు రెండు. బ్రిడ్జ్ లింక్‌లో ఈఎన్‌పీ3ఎస్0, వీనెట్0, వీనెట్1 (వీఎంల పోర్టులు) మూడూ "స్టేట్ ఫార్వర్డింగ్" అంటున్నాయి.

పాతకీబోర్డు
అనుకున్నదే. నెట్‌ప్లాన్ ఆ ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ కలిపి చదువుతుంది. మీరు కొత్త ఫైలు రాస్తే పాతది దానంతటదే పక్కకి తప్పుకోదు.

ఫిజికల్ కార్డుని బ్రిడ్జ్‌లో కలిపేశాక అది ఒట్టి పోర్టు, స్విచ్‌కి ఉండే రంధ్రం లాంటిది. దానికి ఐపీ ఉండకూడదు. అడ్రస్ ఉండాల్సింది బీఆర్0 మీద. డీహెచ్‌సీపీ ఫాల్స్ పెట్టండి, లేదా పాత ఫైల్లో ఆ ముక్క తీసేయండి.

ఒక హెచ్చరిక. ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి లాగిన్ అయి) కూర్చుని నెట్‌ప్లాన్ అప్లై కొట్టకండి. నెట్‌ప్లాన్ ట్రై వాడితే 120 సెకన్లలో మీరు ఎంటర్ కొట్టకపోతే పాత సెట్టింగ్‌కి వెనక్కి వెళ్తుంది. చాలా ఏళ్ల క్రితం, ఈ సౌకర్యం లేని రోజుల్లో, నేను పనిచేసే చోట ఒక సర్వర్ ఐపీని బ్రిడ్జ్ మీదకి మారుస్తూ కార్డు మీదది ముందు తీసేశా. స్క్రీన్ అలా గడ్డకట్టుకుపోయింది. సర్వర్ ఉన్న గదికి తాళం, తాళం ఉన్నాయన సెలవులో. మిగతా కథ మీరే ఊహించుకోండి.

చిన్నసర్వర్
ట్రై కొడితే ఒప్పుకోవట్లేదు సార్. బ్రిడ్జ్‌కి, బాండ్‌కి సొంత పారామీటర్లు ఉంటే వెనక్కి తిప్పడం కుదరదు, సరిచూసుకుని అప్లై కొట్టుకో అంటోంది. నా ఫైల్లో బీఆర్0 కింద పారామీటర్స్‌లో ఎస్‌టీపీ ఫాల్స్ అని రాసుకున్నా, దాని వల్లేనా?

పాతకీబోర్డు
అవును, దాని వల్లే. మర్చిపోయా. అయితే పాత పద్ధతే. నెట్‌ప్లాన్ ఫోల్డర్‌ని బయట ఎక్కడైనా కాపీ చేసుకోండి. టీమక్స్‌లో (కనెక్షన్ తెగినా ఇది నడుస్తూనే ఉంటుంది) ఒక విండో తెరిచి "స్లీప్ 180, తర్వాత ఆ కాపీని వెనక్కి పెట్టు, తర్వాత నెట్‌ప్లాన్ అప్లై" అని ఒకే వరుసలో నడిపి వదిలేయండి. ఇంకో విండోలో కొత్తది అప్లై కొట్టండి. మళ్లీ లాగిన్ కాగలిగితే ఆ స్లీప్‌ని చంపేయండి. కాలేకపోతే మూడు నిమిషాలు ఆగండి, అదే వెనక్కి వస్తుంది.

చిన్నసర్వర్ (రాత్రి 1:20)
అయిపోయింది!! ఈఎన్‌పీ3ఎస్0 మీద ఐపీ లేదు, డిఫాల్ట్ రూట్ ఒక్కటే. రీబూట్ చేశా, రెండు వీఎంలకీ నెట్ వచ్చింది. పాతకీబోర్డు గారూ, మీకు శతకోటి దండాలు. టైటిల్‌లో "సాల్వ్డ్" అని పెట్టేస్తున్నా.

మూడోకన్ను
ఒక్క రీబూట్‌కే సాల్వ్డ్ అంటే ఎలాగండీ? మీ సమస్యే "ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు" కదా. ఇంకో నాలుగు సార్లు కొట్టి చూడండి.

చిన్నసర్వర్ (మర్నాడు ఉదయం 7:05)
టైటిల్‌లోంచి "సాల్వ్డ్" తీసేశా. రెండో రీబూట్‌కే మళ్లీ పోయింది. ఇక నా వల్ల కాదు.

కొత్తబిచ్చగాడు
బ్రో, ఈ బ్రిడ్జ్ గోల ఎందుకు? ఈఎన్‌పీ3ఎస్0 ని బీఆర్0 లోంచి తీసి ఐపీ దానికే ఇచ్చెయ్, వర్చ్-మేనేజర్‌లో వీఎం కార్డుని మ్యాక్‌వీట్యాప్ డైరెక్ట్ మోడ్‌కి (బ్రిడ్జ్ లేకుండా నేరుగా కార్డుకి తగిలించడం) మార్చి ఈఎన్‌పీ3ఎస్0 ఎంచుకో. నేను అదే వాడుతున్నా, రెండు క్లిక్కులు.

చిన్నసర్వర్
చేశా. వీఎంకి వెంటనే నెట్ వచ్చింది, మూడు రీబూట్లకీ వచ్చింది! కానీ ఇప్పుడు హోస్ట్ నుంచి వీఎంకి పింగ్ పోవట్లేదు. ముందు లోపల బాగుండి బయటికి పోయేది కాదు, ఇప్పుడు బయటికి బాగుండి లోపల పోయింది. హోస్ట్ బ్యాకప్ తీసుకునేదే ఆ వీఎంలోకి, కాబట్టి ఇది నాకు పనికిరాదు.

ప్యాకెట్‌పిచ్చి
ఇప్పుడే ఈ దారం మొత్తం చదివా. కమాండ్లు పలికినట్టే రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మార్చుకోండి.

మ్యాక్‌వీట్యాప్‌లో హోస్ట్, వీఎం మాట్లాడుకోకపోవడం లోపం కాదు, దాని తీరే అంత. వీఎం పంపిన ప్యాకెట్ నేరుగా కేబుల్ మీదకి దిగుతుంది. అక్కడి నుంచి హోస్ట్‌కి రావాలంటే స్విచ్ దాన్ని వచ్చిన పోర్టుకే తిప్పి పంపాలి, మామూలు స్విచ్‌లు ఆ పని చేయవు. కానీ మీ ప్రయోగం వృథా కాలేదు. కేబుల్, స్విచ్, రూటర్, వీఎం లోపలి సెట్టింగ్ అన్నీ బాగున్నాయని తేలిపోయింది. దొంగ బ్రిడ్జ్‌లోనే ఉన్నాడు.

ఇప్పుడు ఈఎన్‌పీ3ఎస్0 ని, వీఎంని మళ్లీ బీఆర్0 కి మార్చండి, పాడైన బూట్ వచ్చేదాకా రీబూట్ చేయండి. పాడయ్యాక దాన్ని కదిలించకండి, అదే మనకి సాక్ష్యం. వీఎం లోపల రూటర్‌కి పింగ్ పెట్టి వదిలేయండి. హోస్ట్‌లో రెండు విండోలు తెరిచి ఒకదాంట్లో వీనెట్0 మీద, ఇంకోదాంట్లో ఈఎన్‌పీ3ఎస్0 మీద టీసీపీడంప్ (పోయే ప్యాకెట్లని చూపిస్తుంది) నడపండి. ఫిల్టర్‌లో "ఆర్ప్ ఆర్ ఐసీఎంపీ" (ఆర్ప్ అంటే ఈ ఐపీ ఎవరిదని అడిగేది, ఐసీఎంపీ అంటే పింగ్) చాలు, మైనస్ ఎన్, మైనస్ ఈ పెట్టండి. వీనెట్0 అంటే వీఎం నుంచి బయటపడ్డ మొదటి అడుగు, ఈఎన్‌పీ3ఎస్0 అంటే గడప. మధ్యలో ఏం మాయమవుతోందో చూద్దాం.

చిన్నసర్వర్ (రాత్రి 10:30)
పాడైన బూట్ దొరికింది (ఇలా సంతోషంగా చెప్పాల్సి వస్తుందనుకోలేదు).

వీనెట్0 లో: "192.168.1.1 ఎవరు?" అని ఆర్ప్ ప్రశ్న, దానికి జవాబు, తర్వాత ఐసీఎంపీ ఎకో రిక్వెస్ట్ వరసగా సెకనుకొకటి. రిప్లై లేదు.
ఈఎన్‌పీ3ఎస్0 లో: అదే ఆర్ప్ ప్రశ్న, అదే జవాబు. ఐసీఎంపీ ఒక్కటి కూడా లేదు!

వీఎం లోపల ఐపీ నైబర్ చూస్తే రూటర్ మ్యాక్ అడ్రస్ సరిగ్గానే ఉంది. రెండు వీఎంలు ఒకదానికొకటి పింగ్ పెట్టుకున్నా పోవట్లేదు, ఇది ఇంతకుముందు గమనించలేదు.

ప్యాకెట్‌పిచ్చి
ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఆర్ప్ రెండు వైపులా దాటుతోందంటే బ్రిడ్జ్ తన పని తాను చేస్తోంది. పోర్టులు, మ్యాక్ టేబుల్ అన్నీ సరే. అదే గడప దగ్గర ఐపీ ప్యాకెట్ మాత్రం ఆగుతోంది. బ్రిడ్జ్‌కి ఆర్ప్ అయినా ఐపీ అయినా ఒకటే, రెండూ ఫ్రేములే. "ఇది ఐపీ" అని గుర్తుపట్టి ఆపేది ఫైర్‌వాల్ ఒక్కటే. హోస్ట్ నుంచి వీఎంకి ఎందుకు పోతోందంటే అది ఔట్‌పుట్, ఇన్‌పుట్ దారి (హోస్ట్ తనే పంపేది, తనకే వచ్చేది). వీఎం నుంచి రూటర్‌కి, వీఎం నుంచి వీఎంకి పోయేది ఫార్వర్డ్ దారి (హోస్ట్ గుండా దాటి పోయేది). మీకు చచ్చింది సరిగ్గా ఆ దారే.

రెండు ప్రశ్నలు. ఎల్ఎస్‌మాడ్‌లో (లోడ్ అయిన కెర్నల్ మాడ్యూల్స్ లిస్టు) బీఆర్-నెట్‌ఫిల్టర్ ఉందా? ఆ సర్వర్ మీద డాకర్ (యాప్‌లని కంటైనర్లలో విడివిడిగా నడిపేది) ఉందా?

చిన్నసర్వర్
బీఆర్-నెట్‌ఫిల్టర్ ఉంది. డాకర్... ఉంది. రెండు కంటైనర్లు నడుస్తున్నాయి, కరెంటు పోవడానికి ఓ వారం ముందు పెట్టా. అది హోస్ట్ మీద వేరేగా నడుస్తోంది, వీఎంలకి దానికి సంబంధం ఏంటని రాయలేదు.

పాతకీబోర్డు
"ఇంకేం లేదు, మామూలు సర్వర్" 🙂

ప్యాకెట్‌పిచ్చి
అందరూ అలాగే అనుకుంటారు, మొదటిసారి నేనూ అదే అనుకున్నా.

ఊహ మీద వెళ్లొద్దు, లెక్క చూద్దాం. "ఐపీటేబుల్స్ మైనస్ పెద్ద జెడ్ ఫార్వర్డ్" (ఐపీటేబుల్స్ అంటే లినక్స్ ఫైర్‌వాల్) కొట్టి కౌంటర్లు సున్నా చేయండి. వీఎం నుంచి సరిగ్గా పది పింగ్‌లు పంపండి. వెంటనే "ఐపీటేబుల్స్ మైనస్ పెద్ద ఎల్ ఫార్వర్డ్ మైనస్ వి మైనస్ ఎన్" కొట్టి మొదటి లైన్ ఇక్కడ పెట్టండి.

చిన్నసర్వర్
చెయిన్ ఫార్వర్డ్, పాలసీ డ్రాప్, 13 ప్యాకెట్లు, 1233 బైట్లు.

ప్యాకెట్‌పిచ్చి
పింగ్‌లో డేటా 56 బైట్లు, ఐసీఎంపీ హెడర్ 8, ఐపీ హెడర్ 20. మొత్తం 84. పది పింగ్‌లకి 840 బైట్లు. మిగిలిన మూడు ప్యాకెట్లు, 393 బైట్లు మీ నెట్‌వర్క్‌లో ఇంకేవో పరికరాల బ్రాడ్‌కాస్ట్‌లో మల్టీకాస్ట్‌లో అయ్యుంటాయి, అవీ వీఎంల వైపు రావాలని చూసి అక్కడే పడిపోయాయి. మీ డీహెచ్‌సీపీ ప్యాకెట్ల గతి కూడా ఇదే.

జరుగుతున్నది ఇదీ. బీఆర్-నెట్‌ఫిల్టర్ లోడ్ అయి, బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్ విలువ 1 గా ఉంటే, బ్రిడ్జ్ లోపల ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి పోయే ఐపీ ప్యాకెట్‌ని కూడా కెర్నల్ ఐపీటేబుల్స్‌కి చూపిస్తుంది. అక్కడ ఫార్వర్డ్ పాలసీ డ్రాప్, అంటే ఏ రూలూ తగలకపోతే పారేయ్ అని. డాకర్ తన కంటైనర్లకి కావాల్సిన రూల్స్ రాసుకుంది, మీ బీఆర్0 ఊసే దానికి తెలియదు. ఏ రూలూ తగలక వీఎం ప్యాకెట్ చివరికి పాలసీ దగ్గరకొచ్చి చస్తోంది.

మూడోకన్ను
నాకూ ఇదే తగిలింది, ఇంకా దరిద్రంగా. నా వీఎంలో ఐపీవీ6 ఉంది. నా డాకర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆప్షన్ ఆఫ్, కాబట్టి దాని జోలికి పోలేదు. ఐపీవీ4 చచ్చింది, ఐపీవీ6 బతికింది. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. డీఎన్ఎస్‌ని తిట్టుకుంటూ రెండు రోజులు పోగొట్టుకున్నా.

నీలిదీపం
అంతా బాగుంది కానీ ఒక బూట్‌లో ఎందుకు పనిచేస్తోందో చెప్పలేదు. డాకర్ ప్రతి బూట్‌లోనూ లేస్తుంది కదా?

ప్యాకెట్‌పిచ్చి
మంచి ప్రశ్న, అసలు మజా అక్కడే ఉంది.

డాకర్ ఫార్వర్డ్ పాలసీని గుడ్డిగా డ్రాప్‌కి మార్చదు. లేవగానే ఐపీ-ఫార్వర్డ్ (ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి ప్యాకెట్లు దాటించే సెట్టింగ్) ఆన్‌లో ఉందా అని చూస్తుంది. ఆఫ్‌లో ఉంటే తానే ఆన్ చేస్తుంది, నేను తలుపు తెరిచా కాబట్టి కాపలా కూడా నేనే పెడతా అన్నట్టు పాలసీని డ్రాప్‌కి మారుస్తుంది. అప్పటికే ఎవరో ఆన్ చేసి ఉంటే పాలసీ జోలికి వెళ్లదు.

ఇప్పుడు లిబ్‌వర్ట్ సంగతి. దాని డిఫాల్ట్ నెట్‌వర్క్ ఉంది చూడండి, వీఐఆర్‌బీఆర్0, 192.168.122.0/24. మీరు వాడకపోయినా ఆటోస్టార్ట్‌లో ఉంటుంది. అది లేచినప్పుడు లిబ్‌వర్ట్ కూడా ఐపీ-ఫార్వర్డ్ ఆన్ చేస్తుంది, పాలసీని మాత్రం ముట్టుకోదు.

అంటే బూట్‌లో ఇద్దరికీ పరుగు పందెం. లిబ్‌వర్ట్ ముందు లేస్తే మీకు నెట్ ఉంటుంది, డాకర్ ముందు లేస్తే ఉండదు. మీ కాన్ఫిగ్‌లో ఏ అక్షరమూ మారక్కర్లేదు. నమ్మకం లేకపోతే జర్నల్‌లో (సిస్టమ్ లాగ్) పాత బూట్ల టైములు చూడండి.

చిన్నసర్వర్ (రాత్రి 12:15)
జర్నల్‌లో కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి మ్యాక్‌వీట్యాప్ పెట్టేముందు దాకా జరిగిన ఐదు బూట్లు తీశా. వీఎంలకి నెట్ ఉన్న రెండింట్లోనూ లిబ్‌వర్ట్ ముందుంది, ఒకసారి తేడా సెకను కూడా లేదు. నెట్ లేని మూడింట్లోనూ డాకర్ ముందు. ఐదుకి ఐదూ మీరు చెప్పినట్టే ఉన్నాయి. ఈ అర సెకను కోసమా నేను కేబుల్ మార్చింది!

నెమలికన్ను
మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది చిన్న డౌట్. బ్రిడ్జ్ పెట్టాక నా హోస్ట్‌కి రూటర్ వేరే ఐపీ ఇస్తోంది, నేను కార్డు మ్యాక్‌కి రిజర్వ్ చేసింది రావట్లేదు. ఇదీ అదేనా?

పాతకీబోర్డు
కాదు. బ్రిడ్జ్‌కి వేరే మ్యాక్ వచ్చింది. కొత్త సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులన్నీ లేపేది) బ్రిడ్జ్‌కి సొంతంగా ఒక మ్యాక్ తయారుచేసి ఇస్తుంది. నెట్‌ప్లాన్‌లో బీఆర్0 కింద మ్యాక్‌అడ్రస్ అని రాసి కార్డు మ్యాక్‌నే ఇవ్వండి, లేదా రూటర్లో కొత్త మ్యాక్‌ని రిజర్వ్ చేసుకోండి. ఇంకేమైనా ఉంటే వేరే దారం తెరవండి, ఇక్కడ వాసన తగిలిన దొంగని పట్టుకోనివ్వండి.

కొత్తబిచ్చగాడు
అయితే సింపుల్ కదా బ్రో! సిస్‌సీటీఎల్‌లో (కెర్నల్ సెట్టింగులు) ఐపీ-ఫార్వర్డ్ 1 అని పర్మనెంట్‌గా పెట్టేయ్. డాకర్ లేచేసరికే ఆన్‌లో ఉంటుంది, పాలసీ ముట్టుకోదు. ఒక్క లైన్.

ప్యాకెట్‌పిచ్చి
పనిచేస్తుంది, కానీ నేనైతే చేయను. డాకర్ ఆ డ్రాప్ పెట్టింది ఊరికే కాదు. ఫార్వర్డింగ్ ఆన్‌లో ఉండి పాలసీ యాక్సెప్ట్ అయితే, అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో మెషీన్ మీ హోస్ట్‌ని గేట్‌వేగా పెట్టుకుని వేరే నెట్‌వర్క్‌ల వైపు ప్యాకెట్లు తోయొచ్చు. ఒక తలుపు తెరవడానికి గోడ పడగొట్టినట్టు.

పాతకీబోర్డు
నేను బ్రిడ్జ్-ఎన్ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్‌నే 0 చేస్తా. బ్రిడ్జ్ అంటే స్విచ్. స్విచ్‌కి ఫైర్‌వాల్ రూల్స్ ఏంటి? శుభ్రంగా ఉంటుంది.

ప్యాకెట్‌పిచ్చి
వీఎంలు మాత్రమే ఉన్న సర్వర్‌లో మీతో ఏకీభవిస్తా. డాకర్ ఉన్నచోట కాదు. ఆ సెట్టింగ్ బీఆర్0 ఒక్కదానికే కాదు, డాకర్0 (డాకర్ సొంత బ్రిడ్జ్) తో సహా అన్ని బ్రిడ్జ్‌లకీ వర్తిస్తుంది. కంటైనర్లు ఒకదానితో ఒకటి మాట్లాడకూడదని ఎవరైనా పెట్టుకుని ఉంటే ఆ కట్టుబాటు నిశ్శబ్దంగా పోతుంది. ఇంకో తలనొప్పి కూడా ఉంది. బూట్‌లో సిస్‌సీటీఎల్ నడిచే సమయానికి బీఆర్-నెట్‌ఫిల్టర్ లోడ్ అయి ఉండకపోతే ఆ కీ అసలు ఉండదు, మీరు రాసిన 0 గాల్లో కలిసిపోతుంది. తర్వాత డాకర్ మాడ్యూల్ లోడ్ చేస్తే విలువ మళ్లీ 1. మాడ్యూల్స్-లోడ్ ఫోల్డర్లో మాడ్యూల్ పేరు రాయడం లాంటిది ఏదో ఒకటి చేస్తే గానీ కుదరదు. అంటే మళ్లీ ఇంకో పరుగు పందెం.

పాతకీబోర్డు
ఆ బూట్ సంగతి ఒప్పుకుంటా, నాకూ ఒకసారి తగిలింది. మిగతాదానికి నా మాట నాదే.

ప్యాకెట్‌పిచ్చి
సరే 🙂 చిన్నసర్వర్ గారూ, నా సలహా ఇది. డాకర్-యూజర్ అనే చెయిన్ మన రూల్స్ కోసమే డాకర్ వదిలిపెట్టింది, ఫార్వర్డ్‌లో డాకర్ సొంత రూల్స్ కంటే ముందు నడుస్తుంది. అందులో ఒక్క రూల్:

"ఐపీటేబుల్స్ మైనస్ పెద్ద ఐ డాకర్-యూజర్ మైనస్ చిన్న ఐ బీఆర్0 మైనస్ ఓ బీఆర్0 మైనస్ జే యాక్సెప్ట్"

బీఆర్0 లో వచ్చి బీఆర్0 లోనే పోయేదాన్ని వదిలేయ్, అంతే. ఇక్కడ వీనెట్0 అనో ఈఎన్‌పీ3ఎస్0 అనో రాయకండి, తగలదు. బ్రిడ్జ్ లోపలి ప్యాకెట్‌కి ఐపీటేబుల్స్ చూసే పేరు బ్రిడ్జ్‌దే.

రీబూట్‌కి ఈ రూల్ పోతుంది కాబట్టి చిన్న సిస్టమ్‌డీ యూనిట్ రాయండి. టైప్ వన్‌షాట్, ఆఫ్టర్ డాకర్ డాట్ సర్వీస్, ఎగ్జెక్‌స్టార్ట్‌లో పై కమాండ్. ఐపీటేబుల్స్‌కి పూర్తి పాత్ ఇవ్వండి. ఎనేబుల్ చేయడం మర్చిపోకండి, నేను మర్చిపోయిన రోజులున్నాయి.

చిన్నసర్వర్ (రెండు రోజుల తర్వాత)
ఈసారి తొందరపడలేదు. ఏడు సార్లు రీబూట్ చేశా, ప్రతిసారీ ఎవరు ముందు లేచారో రాసుకున్నా. నాలుగు సార్లు లిబ్‌వర్ట్, మూడు సార్లు డాకర్. డాకర్ ముందు లేచిన ఆ మూడు బూట్లలో ఫార్వర్డ్ పాలసీ డ్రాప్‌లోనే ఉంది, అయినా రెండు వీఎంలకీ డీహెచ్‌సీపీ అడ్రస్ వచ్చింది, రూటర్‌కి పింగ్ పోయింది, ఒకదాని నుంచి ఇంకోదానికి కూడా పోయింది. డాకర్-యూజర్‌లో మన రూల్ పక్కన కౌంటర్ పరిగెడుతోంది. హోస్ట్ నుంచి బ్యాకప్ కూడా నడిచింది. చేత్తో పెట్టిన 192.168.1.50 తీసేశా.

మూడోకన్ను
రీబూట్ కాకుండా డాకర్ ఒక్కదాన్నే రీస్టార్ట్ చేసి చూశారా? అప్‌డేట్ వచ్చినప్పుడు జరిగేది అదే.

చిన్నసర్వర్
చూశా. రూల్ ఉన్నచోటే ఉంది. వీఎంలో పెట్టిన పింగ్ ఒక్కటి కూడా తప్పలేదు. ఇప్పుడు పెట్టొచ్చా టైటిల్‌లో ఆ మాట?

మూడోకన్ను
ఇప్పుడు పెట్టండి.